మరి నువ్వు?

మంగళవారం సాయంత్రం మా ఎదురింటి పాప ఫలితాల కాగితం పట్టుకుని వచ్చింది. నర్సింగ్ చదివిన పిల్ల. జర్మనీ వెళ్ళాలని పదకొండు నెలలుగా జర్మన్ నేర్చుకుంటోంది. అక్కడ నర్సుగా చేరాలంటే బీ2 స్థాయి భాష అడుగుతున్నారు. పరీక్షలో నాలుగు భాగాలు: చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం. ఒక్కోదానికి 100 మార్కులు, 60 వస్తే గట్టెక్కినట్టు. పాపకు వినడంలో 93 వచ్చాయి. మాట్లాడటంలో 51.

"మీరు చెప్పినట్టే చేశాను మామా" అంది. గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే ఇంత బాధ అనిపించేది కాదు.

నేను చెప్పిందేమిటో ఈ కాలమ్ చదివేవాళ్ళకు తెలుసు. చెవి ముందు, నోరు తర్వాత, పుస్తకం ఆఖరున. పన్నెండేళ్ళు ఇంగ్లీషు చదివి కూడా నాలుగు మాటలకు నోరు పెగలని పిల్లల్ని చూసి, కడుపు రగిలి రాసిన మాట అది. పసిబిడ్డ ఏడాదిపాటు విని విని, ఆ తర్వాతే "అమ్మ" అంటుంది. అక్షరమాల చేతికిచ్చి మాట్లాడమని ఏ తల్లీ అడగదు. బ్యాంకాక్‌లోని ఏయూఏ భాషా కేంద్రంలో మార్విన్ బ్రౌన్ అనే భాషావేత్త 1984లో థాయ్ నేర్పడానికి పెట్టిన పద్ధతి గురించి కూడా ఇక్కడే చెప్పుకున్నాం. ఇద్దరు టీచర్లు తరగతి ముందు నిలబడి బొమ్మలు చూపిస్తూ, సైగలు చేస్తూ కబుర్లు చెప్పుకుంటారు. విద్యార్థులు వందల గంటలు వింటారు. నోరు విప్పమని ఎవరూ తొందరపెట్టరు.

పాప ఆ దారినే నడిచింది. ఆ దారి కొంత మేలు చేసిన మాటా నిజమే. జర్మన్‌లో జెడ్ అక్షరం చూస్తే పుస్తకం పట్టుకున్నవాళ్ళు "జ" అంటారు. చెవి పట్టుకున్న పాపకు అది మన చుట్టం, చాప, చలిలో పలికే చ అని మొదటి వారమే తెలిసిపోయింది. పాత పుస్తకాల్లో నెత్తిన ౨ గుర్తు పెట్టి అచ్చువేసేవారే, ఆ చ. కిటికీ తీయమనడానికీ మూయమనడానికీ జర్మన్‌లో వాక్యం చివరిదాకా ఒకటే. "మాఖెన్ జీ దాస్ ఫెన్‌స్టర్" వరకు విన్నా ఏం చేయాలో తెలియదు. చివర "అవుఫ్" వస్తే తీయాలి, "ౘూ" వస్తే మూయాలి. మంచంమీది మనిషికి గాలి కావాలో వద్దో ఆ ఒక్క అక్షరం చెబుతుంది. అసలు మాట కోసం వాక్యం కొసదాకా కాచుకోవడం తెలుగు చెవికి ఎవరూ నేర్పక్కర్లేదు. అందుకే 93.

మరి 51 ఎందుకు? పరీక్షలో ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒక విషయం మీద చర్చించమంటారు. ఎదుటి అబ్బాయి తన మాట చెప్పి, పాప వైపు తిరిగి "వాస్ మైనెన్ జీ?" అన్నాడు. మీరేమంటారు అని. "ప్రతి మాటా అర్థమైంది మామా. ఏమనాలో తెలుగులో తెలుసు. ఆ మూడు మాటలు నన్ను ఉద్దేశించి ఎవరైనా అనడం అదే మొదటిసారి."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు పిన్ని దగ్గరికి వెళ్ళాను.

మా కువైట్ పిన్ని పాత పాఠకులకు పరిచయమే. నా వాదానికి సాక్ష్యంగా ఆమెను ఎన్నోసార్లు నిలబెట్టాను. మా రాజంపేట, రాయచోటి వైపు కువైట్ వెళ్ళిన ఆడమనిషి లేని వీధి అరుదు. పిన్ని 1994లో పోయి పన్నెండేళ్ళు అక్కడ ఇంటిపని చేసింది. చదువు ఐదో తరగతి. అరబ్బీ అక్షరం ఒక్కటీ రాదు, అరబ్బీ మాత్రం వచ్చు. పుస్తకం ముట్టకుండా చెవితో గెలిచిన మనిషి అని రాశాను. ఇన్నేళ్ళలో ఆ అరబ్బీని కూర్చుని వినిపించుకున్నది లేదు. బుధవారం అడిగాను. "ఏదీ పిన్నీ, నీకు వచ్చిన మాటలు చెప్పు."

పిన్ని వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టింది. జీబి అంటే తీసుకురా. రూహి అంటే పో. తాలి అంటే రా. సక్కిరి, తలుపు మూయి. బత్తిలి, తెరువు. గస్లి, కడుగు. ఒక చేతి వేళ్ళు అయిపోయి రెండో చేతికి వచ్చింది. అన్నీ పనులే, అన్నీ ఆజ్ఞలే. ఆ మాటల చివర వచ్చే "ఇ" ఆడమనిషిని ఉద్దేశించినప్పుడే వస్తుంది. మగవాడినైతే జీబ్, రూహ్, తాల్ అంటారు. పిన్నికి ఎవరు చెప్పాలి ఆ తేడా? ఇంటికి గ్యాస్ బండ తెచ్చిన మనిషిని కూడా "తాలి" అని పిలిచేదట. మన భాషలో మగవాడిని పట్టుకుని "ఇటు రావే" అన్నట్టు. అతను నవ్వి పోయేవాడట. నేను తెస్తాను అనాలంటే "అనా జీబి" అనేది. అనా అంటే నేను. జీబి అంటే తీసుకురావే. "నేను తీసుకురావే" అని పన్నెండేళ్ళు తన గురించి తాను చెప్పుకుంది.

లెబనాన్‌లో ఇంటిపనికి వెళ్ళిన శ్రీలంక స్త్రీల అరబ్బీ మీద ఫిదా బిజ్రీ అనే భాషావేత్త 2010లో ఫ్రెంచిలో ఒక పుస్తకం వేశారు, "పిజిన్ మదామ్" అని. ఆ స్త్రీల నోట క్రియలు చాలావరకు యజమానురాలు ఆడమనిషికిచ్చే ఆజ్ఞ రూపంలోనే స్థిరపడిపోయాయని ఆమె చూపించారు. పుస్తకం ఉపశీర్షికకు అర్థం "దాస్యపు వ్యాకరణం". ఆ పేరు తెలిసినప్పుడు దూరదేశపు సంగతి అనుకున్నాను. అది మా పిన్ని వేళ్ళమీదే ఉంది.

చెవి తన పని తాను నిక్కచ్చిగా చేసింది. పడినదాన్ని పడినట్టు పట్టుకుంది. ఆ చెవిలో పడినవి ఆజ్ఞలు.

నేను లేవబోతుంటే పిన్ని, "అది వంటింటి మాట నాయనా. యుమ్మాతో మాట్లాడింది వేరే" అంది.

యుమ్మా అంటే అమ్మ. ఆ ఇంటి ముసలామె. చివరి ఐదేళ్ళు మంచంలో ఉంటే పిన్నే చూసుకుంది. రాత్రి కాళ్ళు పడుతుంటే ఆయమ్మ తన చిన్నప్పటి సంగతులు చెప్పేదట. కువైట్ వాళ్ళు చమురు కంటే ముందు ముత్యాల మీద బతికినవాళ్ళు. ఎండాకాలం నాలుగు నెలలు మగవాళ్ళు పడవల మీద సముద్రానికి పోయేవాళ్ళు. 1930లలో జపాన్ సాగుముత్యాలు వచ్చి ఆ బతుకు చితికిపోయింది. యుమ్మా తండ్రి ముత్యాల కోసం మునిగినవాడు. మునిగేముందు ముక్కుకు ఫితామ్ అనే పట్టకార పెట్టుకునేవాళ్ళట. పిన్ని రెండు వేళ్ళతో తన ముక్కు మూసుకుని, ఊపిరి బిగబట్టి చూపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా వదల్లేదు. "అబూయ్ రాహ్" అంది వేళ్ళు తీసి. మా నాయన పోయినాడు.

రాహ్. వంటింట్లో "రూహి" ఒక్కటే తెలిసిన మనిషి నోట భూతకాలం వచ్చింది. "రిహ్త్" కూడా వచ్చు పిన్నికి. నేను పోయినాను అని. పెన్నలో కొట్టుకుపోయిన మా తాతగారి ఎద్దుల కథ యుమ్మాకు అరబ్బీలో చెప్పిందట. ఒకే ఇల్లు, ఒకే చెవి. గడప ఇవతల ఒక భాష, అవతల ఇంకొకటి.

"ఆ మాటలు ఎట్లా వచ్చినాయి పిన్నీ?"

"ఆయమ్మ ప్రతి కత చెప్పినాక నన్ను అడిగేది. వ ఇంతి? అని. మరి నువ్వు? అని. అడిగినాక ఏదో ఒకటి చెప్పాల కదా. తప్పో ఒప్పో చెప్పేదాన్ని. ఆయమ్మ దాన్ని సరిగ్గా మళ్ళీ అనేది, నవ్వేది కాదు."

ఇంతి. అరబ్బీలో ఆడమనిషిని "నువ్వు" అని పిలిచే మాట. మన కావ్యాల్లో ఇంతి అంటే స్త్రీ. వంటింట్లో ఆమెను ఎవరూ ఆ మాటతో అడగలేదు.

ఇంటికి వచ్చి నా పాత నమ్మకాలన్నీ మళ్ళీ ముందేసుకున్నాను. పసిబిడ్డ ఏడాదిపాటు ఊరికే వింటుందా? తల్లి "ఏం బంగారూ, ఆకలేస్తోందా?" అని అడిగి, బిడ్డ "ఊఁ" అనేదాకా ఆగుతుంది. ఆ "ఊఁ" జవాబే. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పెట్రీషియా కూల్ బృందం 2003లో వెలువరించిన ప్రయోగం ఉంది. ఇంగ్లీషు ఇళ్ళలోని తొమ్మిది నెలల పిల్లలకు మాండరిన్ వినిపించారు. మనిషి ఎదురుగా కూర్చుని 12 సార్లు ఆడించి చదివి వినిపిస్తే, ఆ భాష ధ్వనుల్లోని తేడా పిల్లలకు పట్టుబడింది. అదే మనుషుల్ని టీవీలో చూపించినప్పుడు, గొంతు మాత్రమే వినిపించినప్పుడు ఏమీ అంటలేదు. కెనడాలో 1965లో సెయింట్ లాంబర్ట్ బడితో మొదలైన ఫ్రెంచి ఇమ్మర్షన్ చదువుల్లో పిల్లలు ఏళ్ళతరబడి ఫ్రెంచిలోనే పాఠాలు విన్నారు. వాళ్ళ వినికిడి ఫ్రెంచి పిల్లలకు దీటుగా వచ్చినా మాట మాత్రం వెనకబడిందని మెరిల్ స్వెయిన్ 1985లో రాశారు. బడిలో మాట్లాడేది ఎక్కువగా టీచరే కదా.

ఇక గిడుగు రామమూర్తి పంతులుగారు. పర్లాకిమిడిలో ఉంటూ, వ్యాకరణమూ నిఘంటువూ లేని సవర భాషను ఆయన చెవితో నేర్చుకున్నారని ఎంత గర్వంగా రాశానో. 1931లో ఆ భాషకు ఇంగ్లీషులో వ్యాకరణం వెలువరించారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, దానికి వాడిన క్వినైన్‌తో వినికిడి పోగొట్టుకున్నారు. చెవిని చూసిన నేను రెండో సంగతి చూడలేదు. పంతులుగారు మొదట చేసిన పని, సవర భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకోవడం. ఆయన అడిగారు, ఎదుటి మనిషి చెప్పాడు, మళ్ళీ అడిగారు.

అందుకే నా మాట మార్చుకుంటున్నాను. చెవి ముందు కాదు. ముందు మనిషి కావాలి, "మరి నువ్వు?" అని అడిగే మనిషి. ఆ మనిషి లేని చోట చెవిలో ఎన్ని గంటలు పోసినా అది పక్కింటి కబుర్లను గోడ చాటున వినడమే. పాపకు పదకొండు నెలలు నేను చూపించింది ఆ గోడనే. ఆ అబ్బాయి అడిగిన ప్రశ్న మొదటి నెలలోనే ఎవరో ఒకరు ఆమెను అడిగేలా చూసి ఉండాల్సింది.

గురువారం పాపను పిన్ని దగ్గరికి తీసుకెళ్ళాను. పాప వెళ్ళేది కూడా ముసలివాళ్ళను చూసుకునే పనికే. పిన్నికి జర్మన్ ముక్క రాదు. పాప చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"మందిచ్చేసి వచ్చేయొద్దు పాపా. రోంతసేపు కూచో. వాళ్ళ చిన్నప్పటి సంగతి అడుగు. చెప్పినాక వాళ్ళూ నిన్ను అడుగుతారు." కాసేపు ఆగింది. "అడగకపోతే, నువ్వే చెప్పు."