అగ్నిపర్వత విస్ఫోటనం - ఐనోస్ఫియర్: తెలుగు విజ్ఞాన రచన పరిమితి

అగ్నిపర్వతాలపై తెలుగులో వెలువడే విజ్ఞాన వ్యాసాలు సాధారణంగా లావా, బూడిద, సునామీల వద్దనే ఆగుతాయి. 1883 క్రకటోవా విస్ఫోటనానంతరం మద్రాసులో సూర్యుడు ఆకుపచ్చగా కనిపించడం ఈ దృష్టికి సరిపోయే ఉదాహరణ. దానికి కారణం గాలిలో తేలిన కణాలు. 2022 జనవరి 15 నాటి టోంగా విస్ఫోటనం మాత్రం ఈ చట్రంలో ఇమడదు. దాని ధూమస్తంభం సుమారు 57 కిలోమీటర్ల ఎత్తు వరకే లేచింది. విద్యుదావేశిత కణాలతో కూడిన ఐనోస్ఫియర్‌లో ప్రధాన భాగం 100 కిలోమీటర్లకు పైన ఉంటుంది. అక్కడిని కలచివేసినది బూడిద కాదు, పీడన తరంగాలు. పైకి పోయేకొద్దీ గాలి పలుచబడి, తరంగాల కంపన పరిమితి పెరుగుతుంది.

గుణదల నుండి టోంగాకు సుమారు 12 వేల కిలోమీటర్లు. సెకనుకు దాదాపు 315 మీటర్ల వేగంతో సాగిన ప్రధాన పీడన తరంగం పదిన్నర గంటల్లో, ఆ రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో, ఇక్కడికి చేరినట్లు లెక్క తేలుతుంది. ఆనాడు భారత ఉపఖండంపై ఏర్పడిన ప్లాస్మా బుడగలకు ఈ విస్ఫోటనంతో గల సంబంధాన్ని భారతీయ భూఅయస్కాంత సంస్థ పరిశోధకులు చూపారు. ఇటువంటి బుడగలు ఉపగ్రహ సంకేతాలను చెదరగొడతాయి. విమానాలకు దారి చూపే ‘గగన్’ వ్యవస్థ ఆధారపడేది ఆ సంకేతాలపైనే. కంటికి కనిపించే విధ్వంసాన్నే ప్రమాదంగా పరిగణించే రచన ఈ ప్రభావాన్ని పాఠకునికి అందించలేదు. దూరంతోపాటు ఎత్తునూ లెక్కలోకి తీసుకునే వివరణ తెలుగు విజ్ఞాన రచనకు అవసరం.