పాత్రధారణక్రీడలయందుఁ గౌశలవిచారము

బల్లచుట్టుఁ గూర్చుండి, యొక్కొక్కరొక్కొక్క కల్పితపాత్రము నవలంబించి, సూత్రధారి వర్ణించు లోకమునందు మాటలచేతనే సంచరించు క్రీడకుఁ బాత్రధారణక్రీడ యని పేరు. 1974వ సంవత్సరమున అమెరికాదేశమందు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు రచించి ప్రకటించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను గ్రంథముతో నిది వ్యాప్తికి వచ్చినది. యుద్ధక్రీడలనుండి పుట్టినది గావున దీని నియమములలోఁ బెక్కులు ప్రహారములకు సంబంధించినవే. కాని తాళము తీయుట, జాడ పట్టుట, పరుల నొప్పించుట, రోగికిఁ జికిత్స చేయుట మున్నగు యుద్ధేతరకార్యముల సాఫల్య మెట్లు నిర్ణయింపవలయును? ఇదియే ప్రస్తుతవిమర్శకు విషయము. ఆటను గూర్చి సాహిత్యపరిశోధకులకుఁ బని యేమని శంకింపరాదు. పాత్రము, అనుకర్త, కౌశలము, సంఖ్య యను వాని పరస్పరసంబంధ మిందు విచార్యము. అది యలంకారశాస్త్రమునకును బాఠశాలకును గూడఁ జెందినది.

ఈ నియమముల చరిత్రము సంగ్రహముగాఁ దెలియవలసియున్నది. 1975లో వెలువడిన 'గ్రేహాక్' అను ననుబంధమునఁ జోరపాత్రమునకుఁ దాళము తీయుట మొదలగు పనులయందు నూటికింత యని సాఫల్యసంఖ్య యేర్పడినది. 1977 నాఁటి 'ట్రావెలర్' క్రీడలోఁ బాత్రము తన పూర్వవృత్తియందు నేర్చిన విద్యలే కౌశలములైనవి. 1978 నాఁటి 'రూన్‌క్వెస్ట్' నందు విద్య వాడుకచేత వృద్ధిపొందును. 2000లో వచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' మూఁడవ కూర్పు ఇరువదిముఖముల పాచికపైఁ బడిన సంఖ్యకుఁ గౌశలసంఖ్యను గలిపి, నియతసంఖ్యతోఁ బోల్చు పద్ధతిని స్థిరపఱచెను. 2008 నాఁటి నాల్గవ కూర్పు ఇన్ని యపజయములు కలుగకమున్నే యిన్ని విజయములు పొందవలయునని నియమించి, యనేకాంగములుగల కార్యమునకుఁ గౌశలపరీక్ష యను రూప మొసఁగినది.

ఇందు రెండు పక్షములు గలవు. కౌశలము క్రీడాకారునిదే, వాఁడు చక్కఁగాఁ బలికినచో రాజు సమ్మతించును, పాచిక యనవసరమని యొక పక్షము. కౌశలము పాత్రమునది, క్రీడాకారుఁడు మూఁగయైనను, బాత్రము వాగ్మియని వ్రాయఁబడినచోఁ బాచికయే నిర్ణయించునని రెండవది. మొదటిదానియందు బిడియపడు బాలుఁ డెన్నఁడును దూతపాత్రము ధరింపఁజాలఁడు. రెండవదానియందుఁ బలుకవలసిన యావశ్యకమే లేకపోవును. 'ఒప్పించుచున్నాను' అని పాచిక విసరినఁ జాలును. రసమునకుఁ బ్రధానాశ్రయ మనుకార్యులైన రామాదులని లొల్లటుఁడును, సామాజికుఁడని యభినవగుప్తుఁడును జేసిన నిర్ణయముల భేద మెఱిఁగినవారి కీ వివాదము క్రొత్తది కాదు. ఆశ్రయ మొక్కటియే యను నాగ్రహమే రెండు పక్షములకును సామాన్యదోషము.

కారకవివేకమున నీ చిక్కు విడును. క్రియయందు స్వతంత్రుఁడు కర్త. క్రియాసిద్ధి కత్యంతోపకారకము కరణము. కత్తి చక్కఁగా ఛేదించుచున్నదని లోకము పలుకును. అచ్చటఁ గరణమునకే వివక్షచేతఁ గర్తృత్వము చెప్పఁబడినది. అంతమాత్రమునఁ గత్తి పట్టినవాఁడు లేకపోఁడు. 'పాచిక తాళము తెఱచినది' అనుటయు నట్టిదే. పాత్రముఖమున నేమి చేయవలయునో, యే మార్గమునఁ జేయవలయునో నిశ్చయించు క్రీడాకారుఁడు కర్త. పాత్రముయొక్క విద్య కరణము. పాచిక యన్ననో, సిద్ధ్యసిద్ధులు సందిగ్ధములైనచోట సందేహమును దీర్చునది మాత్రమే. సందేహము లేనిచోటఁ బాచికకుఁ బ్రవేశము లేదు. ఉపాయము చెప్పనివానికిఁ బాచిక యీయరాదు.

భారతమునందలి నలోపాఖ్యాన మీ సిద్ధాంతమునకు నిదర్శనము. ఆంధ్రమున నన్నయ యారణ్యపర్వమున దీనిని రచించెను. ఆదవాని (ఆదోని) యొకప్పుడు చేరియుండిన బళ్లారిజిల్లాలో, బళ్లారియందు, ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912) 'చిత్రనళీయము' అను నాటకముగా దానిని రంగ మెక్కించెను. బాహుకుఁడై యున్న నలునికి నశ్వహృదయము తెలియును, అక్షహృదయము తెలియదు. ఋతుపర్ణున కక్షవిద్యయు సంఖ్యావిద్యయుఁ దెలియును. ఋతుపర్ణుఁడు తాండ్రచెట్టు ఫలపత్రముల లెక్క చెప్పఁగా, నలుఁడు నమ్మక రథము నిలిపి లెక్కించి చూచెను. పిదపనే విద్యను గోరెను. విద్యకు విషయనియమము గలదనియు, నొకరి విద్య మఱియొకరి విద్యతోఁ బూరింపఁబడుననియు నిందుఁ దేలుచున్నది.

అంతకన్న విశేషము దమయంతి చేసిన పరీక్ష. బ్రాహ్మణులు సభలయందుఁ బలుకవలసిన వాక్యములఁ దాన కూర్చి పంపుట, ఒక్కదినమున దీర్ఘాధ్వమును గడచువాఁడు నలుఁడే యని యెఱిఁగి పునస్స్వయంవరవార్తను ఋతుపర్ణునకుఁ జేర్చుట, రథఘోషము వినుట, కేశిని నంపి బాహుకుని చేష్టలఁ గనిపెట్టుట, వాఁడు వండిన మాంసమును రుచిచూచుట, బిడ్డలను వానియొద్దకుఁ బంపుట - ఇట్లు పరీక్ష క్రమముగా సాగినది. ఒక్క బాణమైన విడువఁబడలేదు. అయినను రాజ్యభ్రష్టుఁడైన భర్త లభించునా లేదా యనునంత గురుత్వ మిందుఁ గలదు. ప్రతి సోపానమును గొంత యెఱుకను దెచ్చినదేగాని విజయముల లెక్కను బెంచినది గాదు. నాల్గవ కూర్పు పద్ధతికి లోప మిచ్చటనే. విజయాపజయములను గణించుటయందు శ్రద్ధవహించి, మొదటి ప్రయత్నఫలము రెండవ ప్రయత్నస్వరూపము నెట్లు మార్చవలయునో యది సూత్రధారి యిచ్ఛకు విడిచినది.

అవధానమునం దీ పరస్పరాశ్రయము స్పష్టము. నిషిద్ధాక్షరిలోఁ బృచ్ఛకుఁ డవధాని పలికిన యక్షరమును బట్టి తరువాతి యక్షరమును నిషేధించును. చేఁత మాఱినఁ బ్రతిబంధము మాఱును. అప్రస్తుతప్రసంగి పద్యము నడ్డఁడు, ధ్యానము నడ్డును. ఒక్కొక్క బాధ యొక్కొక్క శక్తినే పరీక్షించును. కాఠిన్యము సంఖ్యలో లేదు, నియమస్వభావమునం దున్నది.

పశ్చిమ కర్నూలుసీమ నుండియే యొక యుదాహరణమును గల్పింపవచ్చును. ఎమ్మిగనూరు నేఁతకుఁ బ్రసిద్ధమైన యూరు. 1938లో మాచాని సోమప్ప యచ్చట నేఁతకారుల సహకారసంఘమును నెలకొల్పెను. నీలకంఠేశ్వరుని జాతరకుఁ బూర్వమే యొక చీర ముగియవలయునని కథ. ఒకఁడు సాలెవాఁడు, ఒకతె కండెలు చుట్టునది, ఒకఁడు నూలు వర్తకుఁడు. వీధిలోఁ జాఁచిన పడుగునకు గంజి పెట్టుచుండఁగా మబ్బు పట్టినది. 'నేఁత సంఖ్య యింత; పాచిక వేయుము' అన్నఁ గథ చచ్చును. పడుగును జుట్టి లోనికిఁ గొనిపోవుదురా, ప్రొరుగువారిని బిలుతురా, తడిసిన భాగమును విడిచి చిన్నవస్త్రము నేయుదురా యని యడిగినచోఁ గథ నడచును. పోగు తెగినను గథ తెగరాదు; వర్తకునితో ఋణప్రసంగము మొదలుకావలయును. అపజయ మనఁగా ద్వారము మూయుట కాదు, మఱియొక ద్వారమునకుఁ ద్రోయుట. అట్లని నష్టము లేకుండఁ జేయరాదు. జాతరనాఁటికిఁ జీర లేకపోవుట నిజముగా సంభవింపవలయును.

ఈ విచారము పాఠశాలాపండితులకు దూరమైనది కాదు. ఆదవానిలోఁ దెలుఁగు, కన్నడము, ఉర్దూ పలుకు కుటుంబముల బాలురు గలరు. వానలు తప్పిన యేండ్లఁ దల్లిదండ్రులతో వలసపోయి, నడుమ వచ్చి కూర్చుండు బాలురును ఆ ప్రాంతమున నున్నారు. వారిలో నొకఁ డిరుభాషలవారి బేరమును దీర్పఁగలఁడు. మఱియొకతె ప్రత్తి తూకములో మోసమును గనిపట్టఁగలదు. పరీక్షాపత్రమున వీరికి వచ్చు సంఖ్య స్వల్పము. క్రీడాగ్రంథములు కౌశలమునకు సంఖ్య నిచ్చి పిదప సంఖ్యనే కౌశలమని భ్రమించినట్లు, విద్యాశాలలును మార్కును విద్యగా భ్రమించుట కలదు. సంఖ్య త్యాజ్యము కాదు. ఋతుపర్ణుని లెక్క యొప్పైనందుననే నలుఁ డక్షవిద్యను గోరెను. కాని నలుఁడు చెట్టు నెదుట నిలిచి లెక్క చూచెను. బాలుని విద్యను నిర్ణయించువారును సంఖ్యను వ్రాయుటకు ముందు రథము నాపి, వాఁడే మార్గమున నా పనిని సాధించెనో చూడవలయును.