బ్రాకెట్టు తెంచుకున్న చిమ్మటకు

రెక్కలు బార్లా చాపినా సెంటీమీటరే ఉండేదానా, బూడిదరంగు మీద నల్లచుక్కలు చల్లుకున్న చిరుచిమ్మటా, నీకు దండం. ఆ కాస్త ఒంటికి ఎన్ని ఇంటిపేర్లు మార్చారమ్మా!

పెరూ కొండల్లో హువాన్‌కాయో దగ్గర దొరికావు. ఇంగ్లండులో మార్ల్‌బరో బడిలో పాఠాలు చెప్పిన ఎడ్వర్డ్ మెయ్‌రిక్ 1917లో నీకు అబ్సొల్యూటా అని పేరు పెట్టాడు. వేలకు వేల చిరుచిమ్మటలకు నామకరణం చేసిన చెయ్యి అది. రెక్కల ఈనెలు చూసి వంశం చెప్పేవాడు. 1902లో తానే నిలబెట్టిన థోరిమియా ప్రజాతిలో, బంగాళాదుంపను తొలిచే చిమ్మట సరసన నిన్ను చేర్చాడు.

తర్వాతివాళ్లకు ఈనెలు చాల్లేదు. పొట్ట కొస కోసి, జననాంగాలను గాజుపలక మీద పరిచి, చుట్టరికం అక్కడ వెతికారు. మెయ్‌రిక్‌కు ఆ కోత గిట్టేది కాదు. నిన్ను నోరిమోస్కీమా అన్నారు. 1964లో చెక్ పండితుడు పొవోల్నీ స్క్రోబిపాల్పులా అన్నాడు. 1987లో ఆయనే స్క్రోబిపాల్పులోయిడెస్ అన్నాడు, ఎవరి నోరు తిరుగుతుందని! 1994లో మళ్లీ ఆయనే టూటా అన్నాడు. హమ్మయ్య, రెండే అక్షరాలు.

నీకేం పట్టింది? తల్లివై 260 గుడ్ల దాకా పెట్టావు. పిల్లపురుగువై ఆకు పైపొరకూ కిందిపొరకూ నడుమ దూరి, పచ్చదనమంతా తినేసి, వెనక తెల్లటి మచ్చలు మిగిల్చావు. 2006లో స్పెయిన్ చేరావు. 2014లో మహారాష్ట్రలో బయటపడ్డావు, ఆపైన మన టమాటా మళ్లలోకీ దిగావు. మదనపల్లె రైతు నీకు స్తోత్రాలు చదవడు, లింగాకర్షక బుట్టలు కడతాడు. ఆయన కోపం న్యాయమే. నాది వేరే మైకం.

నామకరణ శాస్త్రంలో ఒక నియమం ఉంది. జాతిని మొదటి ప్రజాతి నుంచి కదిలిస్తే, పేరు పెట్టినవాడి పేరు చుట్టూ బ్రాకెట్టు గియ్యాలి. నువ్వు ఇల్లు మారినప్పుడల్లా, దశాబ్దాల పాటు, మెయ్‌రిక్ ఆ రెండు వంపుగీతల మధ్యే ఉండిపోయాడు. 2021లో చాంగ్, మెట్జ్ అనే పరిశోధకులు నీ శరీర లక్షణాలన్నీ పోల్చి వంశవృక్షం గీశారు. నిన్ను మళ్లీ థోరిమియాలోనే ఉంచారు. బ్రాకెట్టు రాలిపోయింది! ఈనెల పంతులు నిన్ను ఎక్కడ పెట్టాడో, కోతల కాలం తిరిగితిరిగి అక్కడికే వచ్చింది. ఆయన లెక్క సరైనదని కాదు గానీ, చూపు సరైనదని అనాలనిపిస్తోంది.

చేలల్లో మాత్రం ఇంకా నువ్వు టూటావే. తిట్టడానికైనా చిన్న పేరే సుళువు మరి.