పేరు చెప్పుకోవలసింది ఎవరు?

మొన్న శుక్రవారం సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చి కూర్చున్న మా అమ్మ, "ఆ పడవ పాట ఓసారి వెయ్యవే" అంది. మాయాబజార్‌లో పడవ పాట. ఎనభై రెండేళ్ల మనిషి అడక్క అడక్క అడిగింది కదా అని, ఆవిడ మంచం పక్కన ఉండే ఫోను తీశాను. పాట రాలేదు. తెల్లటి తెర ఒకటి వచ్చి, ముందు మీరెవరో చెప్పమంది.

"మళ్ళీ సైన్ ఇన్ చెయ్యమంటోందమ్మా."

"అంటే?"

"మనమెవరో చెప్పాలిట."

"పాట వినడానికి మనమెవరమైతే దానికెందుకే?" అంది అమ్మ.

నాకు వెంటనే జవాబు తట్టలేదు. తరవాత ఆలోచించాను. సినిమా బాగాలేకపోతే విమర్శ రాస్తారు, నవల బాగాలేకపోతే రాస్తారు. ఇన్ని ఇళ్లలో గుమ్మానికి అడ్డంగా నిలబడి పేరడిగే ఈ సంగీతం ఖాతా మీద ఎవరూ ఒక్క ముక్క రాయరేం? సరే, ఆ పని నేనే చేద్దామని కూర్చున్నాను.

ముందు ఆ మాటే చూడండి, ఖాతా. మనకి ఖాతా అంటే కిరాణా కొట్టు. కొట్టాయన పొడుగాటి ఎర్రట్ట పుస్తకంలో కందిపప్పు రెండు కిలోలు, బెల్లం అరకిలో అని రాసుకునేవాడు. ఒకటో తారీకున జీతం రాగానే వెళ్లి తీర్చేవాళ్లం. మనం బాకీ ఉన్నాం గనక ఆయన రాసుకున్నాడు. న్యాయమే. ఈ ఖాతాలో డబ్బు మనమే ముందు కడతాం, అయినా రాసుకోవడం వాళ్లదే. ఏ పాట విన్నాం, ఎన్నిసార్లు విన్నాం, దేన్ని పల్లవి దగ్గరే తోసేశాం, ఎన్ని గంటలకి విన్నాం అన్నీ రాసుకుంటారు. కొట్టాయన తన పుస్తకం చూసి మనింట్లో పెళ్లిచూపులున్నాయని పసిగట్టేవాడేమో గాని (ఉప్మా రవ్వ ఒక్కసారే కిలోన్నర ఎవరు కొంటారు మరి!), రాత్రి రెండు గంటలకి మనకి నిద్ర పట్టలేదన్న సంగతి ఆయనకి తెలిసేది కాదు.

"రేడియోకి మాత్రం లైసెన్సు లేదుటోయ్?" అన్నారు మా వారు, నేను రాస్తున్నది భుజం మీదుగా చదివి.

ఉంది, కాదనను. 1980లలో దాన్ని ఎత్తేసేదాకా ఏటా పోస్టాఫీసుకి వెళ్లి, డబ్బు కట్టి, చిన్న పుస్తకంలో ముద్ర వేయించుకు రావాలి. మా ఇంట్లో అది నాన్నగారి పేర ఉండేది. కాని ఆ పుస్తకం బీరువా అడుగున పడుండేది. రేడియో ఎవరు చెవి మెలిపెట్టినా పలికేది. నేను మెలిపెట్టినా, మా తమ్ముడు మెలిపెట్టినా, అప్పు తీర్చడానికొచ్చి కాసేపు కూర్చున్న బాబాయిగారు మెలిపెట్టినా ఒకటే. మధ్యాహ్నం పక్కింటి పిన్నిగారు గోడ అవతల చేటలో బియ్యం చెరుగుతూ అన్ని పాటలూ వినేసేది. లైసెన్సు నాన్నగారిది, వినికిడి వీధిది.

పైగా రేడియోలో పాట రాబోయే ముందు ఆ పాట జాతకమంతా చెప్పేవారు. సిలోను రేడియోలో మీనాక్షీ పొన్నుదురై గారి గొంతు విన్నవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు. సినిమా పేరు, రాసిందెవరు, బాణీ కట్టిందెవరు, పాడిందెవరు. మా అమ్మకి ఇవాళ్టికీ ఏ పాట ఎవరు రాశారో తెలుసంటే అది బడిలో నేర్చుకున్న విద్య కాదు.

ఇంకా వెనక్కి వెళితే మరీ తమాషా. 1902లో గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన కలకత్తా వచ్చి గౌహర్ జాన్ చేత పాడించాడు. పట్టుమని మూడు నిమిషాల రికార్డు. చివర ఆవిడ గొంతెత్తి, "మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్" అని చెప్పేది. గర్వం వల్ల కాదు లెండి, ఆవిడకి గర్వపడే హక్కు బోలెడంత ఉన్నా. ఆ రికార్డుల అచ్చు ఎక్కడో జర్మనీలో హానోవర్ ఊళ్లో పడేది. అక్కడి పనివాళ్లకి మన పాటా తెలీదు, మన మనుషులూ తెలీదు. ఏ పాట ఎవరిదో తారుమారు కాకుండా పాడిన మనిషే తన పేరు చెప్పుకునేది.

అంటే ఆనాడు పాడినవాళ్లు పేరు చెప్పుకున్నారు, విన్నవాళ్లని ఎవరూ అడగలేదు. ఇప్పుడు విన్నవాళ్లు పేరు, ఫోను నెంబరు, పుట్టిన తేదీతో సహా చెప్పుకోవాలి. పాడినవాళ్ల సంగతంటారా? ఆ పడవ పాటనే చెబుతాను. ఒక యాప్‌లో దాని కింద ఒక్క ఘంటసాల పేరే కనిపించింది. ఆయనతో కలిసి పాడిన పి. లీల ఏమైనట్టు? రాసిన పింగళి నాగేంద్రరావు గారేమైనట్టు? అసలు 1957లో వచ్చిన ఆ సినిమాకి మొదట సంగీతం ఒప్పుకున్నది సాలూరి రాజేశ్వరరావు గారు. నాలుగు పాటలకి బాణీలు కట్టి ఆయన తప్పుకుంటే, ఘంటసాల వాటిని వాద్యాలతో తీర్చి రికార్డు చేయించి, మిగతా పాటలు తాను కట్టారు. ఆ నాలుగింట్లో పడవ పాట ఒకటి. ఇంత కథ ఉన్న పాటకి ఒక్క పేరు! పక్కన మూడు చుక్కలుంటాయి, అవి నొక్కితే మిగతా పేర్లు రావచ్చు, రాకపోవచ్చు. నా పుట్టిన తేదీ కోసం పడే తాపత్రయంలో పదో వంతు లీలగారి పేరు కోసం పడితే వీళ్ల సొమ్మేం పోయింది?

రెండో దోషం, ఈ ఖాతాకి ఇల్లంటే ఏమిటో తెలీదు. ఒక ఖాతాకి ఒక మనిషే అనుకుంటుంది. మా ఇంట్లో పాటలకి డబ్బు కట్టేది మా వారి ఖాతా మీద. తెల్లారగట్ల కాఫీ డికాక్షను దిగేలోపు సుప్రభాతం పెట్టుకునేది నేను. మనవడికి అన్నం పెట్టేటప్పుడు ఏనుగమ్మ పాటలు పెట్టేది మా కోడలు. ఆయన ఎప్పుడో రాత్రి పూట గజల్ ఒకటి వింటారు. ఏడాది చివర మీరేం విన్నారో చూడండంటూ ఒక రంగురంగుల పట్టిక పంపుతారు కదా (స్పాటిఫై వాళ్లు 2016 నించీ పంపుతున్నారు, ఆ తరవాత మిగతావాళ్లూ మొదలెట్టారు), దాంట్లో మా వారి అభిమాన గాయని ఎం.ఎస్. సుబ్బులక్ష్మి అని తేలింది. రెండో స్థానం ఏనుగులది. ఆయన మొదటి ముక్క మాత్రం స్నేహితులందరికీ పంపించుకున్నారు. తెల్లవారుజామున లేచి సుప్రభాతం వినే భక్తుడని ఆయనకి వచ్చిన పేరు నేను చెడగొట్టలేదు. కాని ఏడాదంతా చెంబూ చెరువూ మధ్య తిరుగుతూ నేను విన్న పాటలు ఎక్కడా నా లెక్కలోకి రాలేదు. నాకు లెక్కే లేదు మరి.

దీనికి మందు లేదని కాదు. మన వినికిడి లెక్కలో పడకూడదనుకుంటే ప్రైవేట్ సెషన్ అని ఒకటుంది, కాసేపటిదాకా అది పెట్టుకోవచ్చు. 2023లో స్పాటిఫై ఇంకో వెసులుబాటు ఇచ్చింది, పిల్లల పాటల జాబితాని మన అభిరుచి లెక్కలోంచి తీసెయ్యమని చెప్పొచ్చు. కుటుంబ పథకం తీసుకుంటే ఆరుగురిదాకా ఎవరి ఖాతా వారికే. కాని అందరూ ఒకే చిరునామాలో కాపురముండాలిట! కొడుకు పూణేలో, కూతురు కాకినాడలో, తల్లీ తండ్రీ హైదరాబాదులో ఉంటే అది కుటుంబం కింద జమ కాదు. ఆ షరతు రాసిన స్వీడన్ పెద్దమనిషికి బదిలీ ఉద్యోగాల సంగతి ఎవరైనా చెబితే బాగుండును.

ఇక అసలు సంగతికొస్తాను.

ఆ శుక్రవారం నేను తీసిన ఫోను నాన్నగారిది. అమ్మ కూనిరాగం తీసే పాటలన్నీ వెతికి వెతికి రెండేళ్ల పాటు అందులో ఒక జాబితా కట్టాను. నూట నలభై మూడు పాటలు. కొన్ని సినిమా పాటలు, కొన్ని లలిత సంగీతం, కొన్ని అమ్మకి పల్లవి తప్ప తక్కింది గుర్తులేనివి. నాన్నగారు కూడా పక్కన కూర్చుని, "అది కాదు, దాని ముందు సినిమాలోది" అని సవరించేవారు. 2022లో ఆయన పోయారు. సిమ్ముకి రీఛార్జి మానేశాం. ఫోను మాత్రం ఇంట్లో వైఫై మీద అమ్మకి పాటల పెట్టెగా ఉండిపోయింది. మొన్న యాప్ ఏదో కొత్త రూపం ఎత్తి, అందరినీ బయటికి నెట్టి, మళ్ళీ లోపలికి రావాలంటే ఓటీపీ చెప్పమంది. ఓటీపీ నాన్నగారి నెంబరుకి వెళ్లింది.

మనసాగక ఆ నెంబరుకి ఫోను చేశాను. రెండుసార్లు మోగాక ఎవరో కుర్రవాడు "ఎవరండీ?" అన్నాడు. నాన్నగారి నెంబరులోంచి ఆ మాట వినడానికి నేను సిద్ధపడి లేను. ఎలాగో గొంతు సర్దుకుని సంగతంతా చెప్పాను. పాపం, మర్యాదస్తుడు. "వచ్చిందండీ, కాని ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకువాళ్లు రోజూ చెబుతున్నారండీ, ఏమనుకోకండి" అన్నాడు. ఏమనుకుంటాను? మా అబ్బాయికి నేను నేర్పిందీ అదే.

"ఎవరే?" అంది అమ్మ.

"రాంగ్ నెంబరమ్మా."

కంపెనీకి ఉత్తరం రాస్తే, రిజిస్టరయిన నెంబరునించే సంప్రదించమని జవాబు వచ్చింది. మీ భద్రతే మాకు ముఖ్యమని కూడా రాశారు. ఆ కుర్రవాడు తలుచుకుంటే ఇవాళే ఆ ఖాతాలో దర్జాగా ప్రవేశించి మా అమ్మ పాటలన్నీ వినొచ్చు. రెండేళ్లు కూర్చుని కట్టిన నేను మాత్రం గుమ్మంలోనే. తాళమే వద్దని నేననను. డబ్బు కట్టే చోట పరాయివాడు దూరకుండా తాళం ఉండాల్సిందే. కాని ఈ తాళం మనిషిని గుర్తుపట్టదు, నెంబరుని గుర్తుపడుతుంది. సిమ్ము వాడకుండా నెలల తరబడి వదిలేస్తే ఆ నెంబరు ఇంకొకరికి ఇచ్చేస్తారన్న మాట మనలో ఎంతమందికి తడుతుంది, అదీ ఇంట్లో మనిషి పోయిన రోజుల్లో?

కొందరు దీన్ని గురించి కొంత ఆలోచించారు. ఆపిల్ వాళ్లు 2021 చివర్లో, మన తదనంతరం మన ఖాతా చూడగలిగే మనిషి పేరు ముందే రాసి ఉంచుకునే ఏర్పాటు పెట్టారు. ఫొటోలు, ఉత్తరాలు ఆ మనిషికి వస్తాయి. డబ్బిచ్చి కొన్న పాటలు మాత్రం రావు. మా పెద్దమ్మ గ్రామఫోను రికార్డులు ముగ్గురు కూతుళ్లు పంచుకున్నారు, ఒకావిడ రెండు ఎక్కువ తీసుకుందని పదేళ్లు మాటల్లేవు కూడా. ఈ పాటలకి ఆ తగువు రాదు. అద్దెకుంటున్న ఇంటికి వాటాలేమిటి? ఆ ఇల్లయినా ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో మూతపడింది, జాబితాలు యూట్యూబ్ మ్యూజిక్‌కి మార్చుకోమని గడువిచ్చారు. మన వింక్ 2024లో మూతపడింది.

ఇప్పుడు నా పేర వేరే ఖాతా తెరిచాను. నెంబరుతోబాటు ఈమెయిలు కూడా ఇచ్చాను, ఒకటి పోతే ఒకటి ఉంటుందని. ఏ దారిన లోపలికి వెళ్లానో, గూగుల్ దారినా, ఫోను నెంబరు దారినా అన్నది డైరీలో రాసి పెట్టుకున్నాను (పాస్‌వర్డ్ కాదండోయ్, దారి మాత్రమే). మీరూ రాసుకోండి. ఓసారి ఈ దారినా ఓసారి ఆ దారినా వెళితే కొత్త ఖాళీ ఖాతా తెరుచుకుని, పాటలన్నీ పోయాయని గుండె బాదుకోవలసి వస్తుంది. ఫోను మార్చినప్పుడు, ఎవరికైనా ఇచ్చేసినప్పుడు, అన్ని చోట్లనించీ ఒక్కసారే లాగౌట్ అయ్యే మీట ఖాతా పేజీలో ఎక్కడుందో కూడా చూసి ఉంచుకోండి.

ఇదంతా చూసి అమ్మ లేచి, ట్రంకుపెట్టెలోంచి తన పాటల పుస్తకం తీసింది. పద్నాలుగో ఏట మొదలుపెట్టిన రూళ్ల నోటుబుక్కు, నీలం సిరా, మొదటి పేజీలో పెళ్లి కాకముందు ఇంటి పేరు. ముప్పై పాటలున్నాయి అందులో, ప్రతి దాని కిందా పాడినవాళ్లవీ రాసినవాళ్లవీ పేర్లు. తెరిస్తే తెరుచుకుంది.

చివర ఖాళీ పేజీలున్నాయి. పోయిన నూట నలభై మూడింటినీ అమ్మ గుర్తు చేసుకుని చెబుతుంటే నేను రాస్తున్నాను, రాసింది రాసినట్టు కొత్త ఖాతాలో కూడా ఎక్కిస్తున్నాను. నిన్నటికి అరవై ఒకటి అయ్యాయి. అరవై రెండో పాట పాడింది జిక్కీ అని అమ్మా, కాదు లీల అని నేనూ. నాన్నగారుంటే చెప్పేవారు. ఆ ఒక్క గీత ఖాళీగా వదిలి కిందికి వెళ్లాం.