క్లారా షూమన్: వాదన, బోధన, మౌనం

ఉపోద్ఘాతం:

పంతొమ్మిదవ శతాబ్దపు ఐరోపా సంగీతచరిత్రలో క్లారా షూమన్ (1819–1896) పేరు తరచు ఇద్దరు పురుషుల పేర్ల నడుమ వినిపిస్తుంది. రాబర్ట్ షూమన్ భార్యగా, బ్రాహ్మ్స్ ఆప్తురాలిగా ఆమెను పరిచయం చేయడం పరిపాటి. అరవై ఏళ్ళకు పైగా పియానో వేదికపై నిలిచిన విదుషీమణికి ఈ పరిచయం చాలదు. ఆమె స్వరరచన ఎందుకు ఆగిందన్న ప్రశ్నకు కూడా సమాధానం ఆమె వృత్తిజీవితంలోనే వెతకాలి.

బాల్యం - పరాయి గొంతు:

లైప్‌జిగ్‌లో పియానో బోధకుడైన తండ్రి ఫ్రీడ్‌రిష్ వీక్ ఆమెకు తొలి గురువు. ఆమె దినచర్యను 1827లో ప్రారంభించినవాడూ ఆయనే. కూతురి మాటగా "నేను" అంటూ తండ్రి రాసిన పుటలు అందులో ఉన్నాయి. 1835లో గెవాండ్‌హౌస్ వేదికపై మెండెల్సన్ నిర్వహణలో ఆమె తన సొంత పియానో కాన్చెర్టో వాయించింది. 1838లో వియన్నా ఆస్థానం ఆమెను బిరుదుతో గౌరవించింది.

వివాహం - రచన:

తండ్రి నిరాకరణను న్యాయస్థానంలో ఎదుర్కొని 1840లో ఆమె రాబర్ట్‌ను పెళ్ళాడింది. భర్త స్వరరచనలో ఉన్న వేళల్లో ఆమె సాధన ఆగిపోయేది. దానికి తోడు ఎనిమిది కాన్పులు. అయినా 1846లో పియానో, వయొలిన్, చెల్లోలకు చక్కని త్రయకృతి రచించింది. కనుక మౌనానికి సంసారభారమొక్కటే కారణమనలేం. స్త్రీ స్వరరచనకు ఆశపడరాదన్న భావాన్ని ఆమె పెళ్ళికి ముందే, 1839లో, తన దినచర్యలో రాసుకుంది. కాలం ఇచ్చిన తీర్పు ఆమె మనసులోనే చోటు చేసుకుంది. ఆ తీర్పు సరికాదనడానికి ఆ త్రయకృతే సాక్ష్యం.

వేదిక - తరగతి:

1856లో రాబర్ట్ మరణించేనాటికి ఏడుగురు పిల్లల పోషణ ఆమెపై పడింది. కచేరీలే జీవనాధారం. స్వరరచన దాదాపు నిలిచిపోయింది. బాల్యంలో వాయించిన హెర్ట్స్ తరహా చమత్కార రచనల స్థానంలో బాఖ్, బీథోవెన్, షోపెన్, షూమన్ రచనలు ఆమె కచేరీలకు ప్రాణమయ్యాయి. ఏది వినదగినదో నిర్ణయించే ఈ ఎంపిక ఒక విమర్శకురాలి పని. 1878 నుండి 1892 వరకు ఫ్రాంక్‌ఫర్ట్‌లోని హోఖ్ సంగీత విద్యాలయంలో ఆమె ఈ వివేచననే శిష్యులకు నేర్పింది. వేగాన్ని ప్రదర్శించడం కన్నా పాడినట్లు పలికే నాదం ఆమెకు ముఖ్యం. శిష్యురాళ్ళు ఫానీ డేవీస్, అడెలీనా డి లారాల ధ్వనిముద్రణలు నేటికీ లభిస్తున్నాయి.

ముగింపు:

క్లారా జీవితాన్ని "త్యాగం" అన్న ఒక్క మాటతో కీర్తించడం తేలిక. ఆ మాట ఆమె శ్రమను, సంపాదనను, అభిరుచిని కప్పివేస్తుంది. అలాగని వాదనలో, బోధనలో ఆమె సాధించిన విజయం రాయని కృతులకు పరిహారమూ కాదు. ఆమె తీర్చిదిద్దిన సంప్రదాయాన్నీ, ఆమె కోల్పోయిన రచననూ కలిపి లెక్కించినప్పుడే ఆ జీవితానికి న్యాయం జరుగుతుంది.