తిరుగుబాటు పాటలును తలపోతల తీపియు

గడచిన మాసమున ఒక శనివారము సాయంకాలము నా పూర్వశిష్యుడొకడు నన్ను కొండాపూరులోని తన యింటికి బిలిచెను. అతడు రాయదుర్గమువైపు నొక సాఫ్ట్‌వేర్ కచేరిలో పనిచేయుచున్నాడు. "నెలకొకసారి స్నేహితులమంతా కలిసి పాత పాటలు వింటాం సార్. మీరు కూడా రావాలి" అని అతడనగా, పాత పాటలనగా ఘంటసాలవో బాలసరస్వతివో యనుకొని సంతోషముతో బయలుదేరితిని. పండ్రెండవ యంతస్తులోని యా గదిలో పదిమంది కూర్చుండి యుండిరి. గోడ ప్రక్కన ఎల్పీ రికార్డులు వరుసగా పేర్చబడి యుండెను. రికార్డుపై ముల్లు పెట్టగానే వెలువడిన ధ్వని రేకులకప్పుపై వడగండ్లు కురిసిన చందముగా నుండెను. అది పంక్ గానము. ఆ గానమును గూర్చియు, దానిని వినుచు వారు చెప్పుకొనిన తలపోతలను గూర్చియు నాకు దోచిన విమర్శను చదువరుల యెదుట నుంచుచున్నాను.

ఈ గానమెట్టిదో యెరుగనివారి కొరకు రెండు మాటలు చెప్పవలెను. 1970 దశాబ్దపు నడిమికాలమున అమెరికాలోను ఇంగ్లండులోను రాక్ సంగీతము మిక్కిలి వ్యయముతో గూడిన విద్యయయ్యెను. పెద్ద యంత్రములు, పెద్ద రంగస్థలములు, తెగని వాద్యప్రదర్శనములు లేనిచో పాటయే లేదను భావము ప్రబలెను. దానికి విరుగుడుగా న్యూయార్కులో సీబీజీబీ యను చిన్న పానశాలయందు కొందరు యువకులు పొట్టిపాటలను వడివడిగా పాడసాగిరి. అందొకటియైన రామోన్స్ బృందమువారి తొలి రికార్డు 1976 ఏప్రిలులో వెలువడెను. దానిలోని పదునాలుగు పాటలును అరగంటలోపలనే ముగియును. ఆ యేడే లండనులో సెక్స్ పిస్టల్స్, క్లాష్ మున్నగు బృందములు పని దొరకని పడుచువారి కోపమునకు గొంతునిచ్చినవి. 1977లో ఇంగ్లండు రాణి రాజ్యమునకు వచ్చిన యిరువదియైదవ యేటి యుత్సవములు సాగుచుండగా, సెక్స్ పిస్టల్స్ వారు రాజభక్తిని వెక్కిరించు పాట నొకదానిని విడుదల చేసిరి. బీబీసీ దానిని ప్రసారము చేయ నిరాకరించెను. అయినను అమ్మకముల పట్టికలో అది రెండవ స్థానము నందుకొనెను.

పాశ్చాత్యులు అనేక స్వరములను ఒక్కసారి మ్రోగించుటను కార్డ్ అందురు. ఆ రోజులలో యువకులు స్వయముగా అచ్చొత్తి పంచుకొను చిన్న పత్రికలు పుట్టినవి. అట్టి పత్రిక యొకటి గిటారుపై మూడు కార్డుల బొమ్మలను వేసి, ఇవి నేర్చితిరిగదా, ఇక బృందము కట్టుడని పాఠకులకు జెప్పెను. పంక్ మతమంతయు నీ యుపదేశమున నిమిడియున్నది. మాంచెస్టరునకు చెందిన బజ్‌కాక్స్ వారు 500 పౌనులు అప్పుచేసి, 1977 జనవరిలో తమ రికార్డును తామే వేయి ప్రతులు వేయించిరి. మరుసటి యేడు స్క్రిటీ పొలిటీ యను బృందమువారు రికార్డు చేయుటకు దేనికెంత ఖర్చయినదో యట్టమీదనే యచ్చొత్తించిరి. చదివినవాడు తానును చేయగలనని తెలిసికొనవలెనని వారి కోరిక. ఈ యుప్పెన తగ్గిన పిమ్మట రెండు పాయలు చీలెను. వినసొంపైన వరుసలను, సింథసైజరు వాద్యమును జేర్చుకొని విపణిలో నిలిచినదానిని న్యూ వేవ్ అనిరి. కోపమునుండి యాలోచనకును విషాదమునకును మరలినదానిని పోస్ట్ పంక్ అనిరి.

ఇక ఆ గదిలోని తలపోతల సంగతి. అందరికంటె పెద్దవాడు ఏబదియైదేండ్లవాడు. అతడు చిన్ననాట సికింద్రాబాదులో అర్ధరాత్రి దుప్పటి కప్పుకొని షార్ట్‌వేవ్ రేడియోలో బీబీసీ ప్రపంచసేవకై జాన్ పీల్ నడిపిన సంగీత కార్యక్రమమును వినెడివాడట. అల లేచినపుడు పాట వినబడును, పడినపుడు గురగుర మిగులును. నేటికిని ఆ గురగుర లేనిదే పాట పూర్తికానట్లు తోచునని యతడు నవ్వెను. ఒక యువతి ఆదివారము ఆబిడ్సు కాలిబాటలపై పరచిన పాతపుస్తకములలో దొరకిన యొక ఆంగ్ల సంగీతపత్రిక ద్వారా ఈ పేరులను ముందు చదివెను. పాటలు వినుటకు మరి రెండేండ్లు పట్టెనట. మూడవవాడు కళాశాల వసతిగృహములో స్నేహితుని కంప్యూటరునుండి సీడీలపైకి వానిని నకలు తీసికొనెను. వారిలో ననేకులు 1977 నాటికి పుట్టనైన లేదు. పుట్టకముందరి కాలమును తలపోయుట యేమని నవ్వబోయి నేను నోరు మూసికొంటిని. ఉజ్జయినిని ఎన్నడును చూడకయే మేఘసందేశము చదివి కన్నీరు పెట్టుకొను సంస్కృతోపాధ్యాయునకు ఇతరులను నవ్వు నధికారమెక్కడిది? పైగా వారు తలచుకొనుచున్నది లండనును గాదు. ఆ పాట తమ యింటికి వచ్చిన దారిని తలచుకొనుచున్నారు. వస్తువు పరాయిదైనను దారి తమదే.

కాని రాత్రి గడచినకొలది సంభాషణ త్రోవ మారెను. ఏ రికార్డు తొలిముద్రణ ఎవరియొద్ద నున్నది, దానికెంత వెల పెట్టిరి, ఏ పాటలో ఎవరు వాయించిరి యను తగవులు బయలుదేరినవి. ఇక్కడనే నా యాక్షేపణ. 1976 జూన్ 4వ తేదీన మాంచెస్టరులోని లెస్సర్ ఫ్రీ ట్రేడ్ హాలులో సెక్స్ పిస్టల్స్ వారు పాడిరి. వినవచ్చినవారు సుమారు నలుబదిమంది. తరువాతికాలమున తామక్కడ నుంటిమని చెప్పుకొనినవారు వేలకొలది. ఆ కచేరికి ప్రసిద్ధి వచ్చుట పాటవలన గాదు, విన్న నలుబదిమందిలో కొందరు ఇంటికి బోయి చేసిన పనివలన. పీటర్ హుక్, బెర్నార్డ్ సమ్నర్ అను వారు బృందము కట్టనెంచిరి. హుక్ మరునాడే గిటారు కొనెను. అదియే జాయ్ డివిజన్ అయ్యెను. 1980 మే 18వ తేదీన దాని గాయకుడు ఇయన్ కర్టిస్ మరణింపగా తక్కినవారు న్యూ ఆర్డర్ అను పేర కొనసాగిరి. విన్నవాడు చేయువాడగుటయే ఈ గానమునకు ఫలశ్రుతి. నేనక్కడ నుంటినని చెప్పుకొనుట ఫలముగాదు, టికెట్టు ముక్కను దాచుకొనుట మాత్రమే.

అట్లని జ్ఞాపకమును ద్వేషింపరాదు. 2016లో పంక్ నలుబదియేండ్ల పండుగను లండనులో గ్రంథాలయములు, ప్రదర్శనశాలలు జరుపగా, ఆ యుద్యమమును నడిపినవారి కుమారుడు జో కోరే కోపించి, యేబదిలక్షల పౌనులు చేయునని చెప్పబడిన తన పంక్ వస్తుసంచయమును నవంబరు 26న థేమ్సునదిపై తగులబెట్టెను. దాచుట మాత్రమే యెరిగినవాడును తగులబెట్టుట మాత్రమే యెరిగినవాడును ఒకే పొరపాటు చేయుచున్నారు. ఇరువురును వస్తువునే చూచుచున్నారు. వస్తువు ఒక కార్యమునకు ప్రేరణమని యిరువురును మరచిరి.

నేను వారినొక ప్రశ్న యడిగితిని. "లండన్‌లో 1976లో జరిగినలాంటిది మన హైదరాబాదులో 1965లోనే జరిగింది, తెలుసా?" ఇద్దరు మాత్రమే తలయూచిరి. 1965 మేలో అర్ధరాత్రివేళ దిగంబరకవుల తొలి సంపుటమును నాంపల్లి పాండు అను రిక్షాకార్మికుడు ఆవిష్కరించెను. రెండవదానిని 1966లో విజయవాడలో హోటలుపనివాడును, మూడవదానిని 1968లో విశాఖపట్టణమున నొక బిచ్చగత్తెయు వెలువరించిరి. జానీ రాటన్, పాలీ స్టైరీన్ అని పంక్ గాయకులు పేరులు మార్చుకొనుటకు పదేండ్లు ముందే, ఇక్కడ బద్దం భాస్కరరెడ్డి చెరబండరాజయ్యెను, యాదవరెడ్డి నిఖిలేశ్వరయ్యెను, వీరరాఘవాచార్యులు జ్వాలాముఖియయ్యెను. పేరుతోడనే కులమును గూడ వదలుట వీరియందు విశేషము. వారములకును ఋతువులకును క్రొత్తపేరులు పెట్టిరి. ఛందస్సును, మర్యాదను, సభాధ్యక్షుని పూలదండను త్రోసిపుచ్చిరి. ఈ రెండు తిరుగుబాటులకును పరస్పర పరిచయము లేదు. ఊపిరాడని గదిలో ఎవరైనను కిటికీయే పగులగొట్టుదురు.

దోషములును సమానములే. దిగంబరకవులు సమాజమును తిట్టబోయి స్త్రీశరీరమును తిట్టుపదముగా వాడిరని విమర్శకులు వేసిన నింద నిజము. పంక్ యువకులలో కొందరు పెద్దలను ఉలికిపడజేయుటకై నాజీల స్వస్తికచిహ్నమును ధరించిరి. ఉలికిపాటు తనంత తాను సత్యముగాదు. అయితే యా గానము తన్ను తాను దిద్దుకొనెను. 1978 ఏప్రిల్ 30న లండనులోని విక్టోరియా పార్కులో జాతిద్వేషమునకు వ్యతిరేకముగా జరిగిన మహాసభలో క్లాష్ బృందముతోపాటు సోమాలీ తండ్రికిని బ్రిటిషు తల్లికిని బుట్టిన పాలీ స్టైరీన్ పాడెను. స్లిట్స్ వంటి స్త్రీల బృందములు బయలుదేరెను. మరుసటి యేడు పాకిస్తానీ కుటుంబముల పిల్లలు ఏలియన్ కల్చర్ అను బృందమును కట్టి, ఇంటిపెద్దల కట్టడికిని వీధిలోని జాతిద్వేషమునకును నడుమ తాము పడు బాధను పాడుకొనిరి. పరాయిపాట తమ కష్టమును జెప్పుటకు పనికివచ్చునని కనిపెట్టినవారు వీరు. కొండాపూరు మిత్రులకు వీరి పేరు తెలియును, వీరి పాఠము మాత్రము పట్టలేదు.

ఇంతవరకు పరులను విమర్శించితిని. ఇక నన్ను నేను విమర్శించుకొనవలెను. భోజనమువేళ నా శిష్యుడు మెల్లగా "తొమ్మిదో తరగతిలో నేనొక పాట రాశాను, గుర్తుందా సార్?" అనెను. గుర్తున్నది. పదునెనిమిదేండ్ల క్రిందట, ఫీజు కట్టనందుకు తరగతి వెలుపల వరండాలో నిలువబెట్టబడిన పిల్లలను గూర్చి యతడొక పాట కట్టి, పాఠశాల వార్షికోత్సవమున పాడెదనని నాకు చూపెను. నేను ఎర్రసిరాతో దానిని కొట్టివేసితిని. "యతి లేదు, ప్రాస లేదు. ముందు నేర్చుకో నాయనా, తర్వాత రాద్దువుగాని" అంటిని. అతడు నమ్మెను. నేనును నమ్మితిని. కాని యాలోచింపగా నన్ను భయపెట్టినది యతిభంగము గాదు. ఆ పాట యాజమాన్యము చెవిని బడినచో నా యుద్యోగ మేమగునో యను శంక. నా పిరికితనమునకు ఛందస్సు అను శాలువ కప్పితిని. విద్య నేర్చిన మనము ఎన్నిమారులిట్లు చేయుదుమో! చెప్పకూడని మాటను చెప్పకూడదనుటకు ధైర్యము లేక, చెప్పిన తీరు బాగులేదందుము.

సాధన యక్కరలేదా యని చదువరులడుగవచ్చును. అక్కరయే. మూడు కార్డులు ద్వారము, ఇల్లు గాదు. వాకిటనే నిలిచినవారు రెండేండ్లలో నలసిపోయిరి. లోపలికి బోయినవారే పోస్ట్ పంక్ అను గంభీరమైన గానమును నిర్మించిరి. గిడుగువారు వ్యావహారికము కొరకు పోరాడినప్పుడు, వాడుకమాట వ్రాతకెక్కినచో భాష చెడునని పండితులు భయపడిరి. భాష చెడలేదు సరిగదా, ఆ ద్వారమున స్త్రీలు, రైతుబిడ్డలు, దళితులు సాహిత్యములోనికి బ్రవేశించిరి. ఈ మాటను గ్రాంథికమున వ్రాయుచున్న నా యసంగతము నాకు తెలియకపోలేదు. అలవాటు బలీయమైనది. సాధన తలుపు తెరచిన తరువాతిది. తలుపునకు గొళ్లెముగా దానిని వాడరాదు.

1998లో సైబర్ టవర్స్ తెరచిన నాటినుండి ఆ ప్రాంతమున లక్షలమంది తెలుగు పడుచువారు బ్రతుకుచున్నారు. రాత్రివిధులు, ఇంటద్దెలు, ఒక్క ఈమెయిలుతో నూడు ఉద్యోగములు, ఊరిలో నొంటరిగా మిగిలిన తల్లిదండ్రులు, ఇవన్నియు పాటకు రానివా? 2025 వసంతమున ఆ గదికి కొలదిదూరముననే కంచ గచ్చిబౌలిలో 400 ఎకరముల భూమి విషయమై విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆందోళన చేసిరి, చెట్లు నరుకుటను సర్వోన్నత న్యాయస్థానము ఏప్రిలులో నాపించెను. కోపమునకు కారణములు మాంచెస్టరుకంటె మనకు తక్కువగా లేవు. ఊరు విడిచివచ్చినవాని దిగులును "ఊరెళ్లిపోతా మామ" యని పాడి హైదరాబాదు చౌరస్తా బృందమువారు చూపిరిగదా, నగరపు బాధ తెలుగున నొదుగునని. ఆ రాత్రి ఆ గదిలో మాత్రము తెలుగుపాట యొక్కటియు వినబడలేదు. అది శ్రోతల దోషము మాత్రమే గాదు. వారికి తొమ్మిదవ తరగతిలో ఎర్రసిరా చూపినవారి దోషము గూడ.

కావున నా మనవి యొక్కటే. రికార్డులు వినుడు, దాచుడు, తలపోయుడు, తప్పులేదు. కాని నెలకొక్క పాటయైన మీది, మీ మాటలలో, వచ్చిన మూడు కార్డులతోనే కట్టుడు. అది బాగుండకపోవచ్చును. బాగుండని పాటను నిర్భయముగా వినుట గూడ రసికుడు నేర్వవలసిన విద్యయే.

వీడ్కొనునపుడు నేను శిష్యుని ఆ పాత పాట పాడుమంటిని. అతనికి పల్లవి మాత్రమే జ్ఞాపకమున్నది. మొదటి చరణమును నేనందించితిని. కొట్టివేసినవాడను గనుక నాకు మరపు రాలేదు. రెండవ చరణము ఇద్దరికిని తలపునకు రాలేదు. దానిని క్రొత్తగా వ్రాసి వచ్చే నెల వినిపించెదనని యతడు నాతో ననెను.