ఇంటిగుట్టు నుంచి రచ్చకు: ‘ఇది కథ మాత్రమేనా’ లఘుచిత్రం, 16 ఎం.ఎం. నిర్మాణపద్ధతి – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగు సినిమా చరిత్రరచన ప్రధానంగా థియేటర్లలో విడుదలైన కథాచిత్రాల చుట్టూ సాగింది. తక్కువ ఖర్చుతో 16 ఎం.ఎం. ఫిల్మ్‌పై తీసి, సంఘాల సమావేశాల్లో ప్రదర్శించిన లఘుచిత్రాలకు అందులో దక్కిన చోటు చాలా తక్కువ. యుగాంతర్ చిత్రబృందం హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటనతో కలిసి 1983లో నిర్మించిన ‘ఇది కథ మాత్రమేనా’ అటువంటి లఘుచిత్రం. ఈ చిత్రంలో ఫిల్మ్ కొలత, నిర్మాణపద్ధతి, ప్రదర్శనరీతి ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ పద్ధతి బలాన్నీ, చిత్రవస్తువు పరిమితినీ ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత స్త్రీల జీవితం ఆధారంగా చర్చిస్తుంది.

కీలకపదాలు: లఘుచిత్రం, 16 ఎం.ఎం., యుగాంతర్, స్త్రీశక్తి సంఘటన, గృహహింస, సామూహిక కర్తృత్వం, ఆదోని, సుగ్గి.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో ప్రత్యామ్నాయ సినిమా అనగానే మృణాల్ సేన్ ‘ఒక ఊరి కథ’ (1977), బి. నర్సింగరావు నిర్మాతగా గౌతమ్ ఘోష్ దర్శకత్వం వహించిన ‘మా భూమి’ వంటివి ముందు గుర్తుకు వస్తాయి. ఇవి వస్తువులో వ్యాపారసినిమాకు భిన్నమైనవే. అయినా పూర్తినిడివి, సెన్సారు, పంపిణీ, థియేటరు అనే చట్రంలోనే ఇవి ప్రేక్షకులను చేరాయి. ఆ చట్రానికి బయట మరొక మార్గం కూడా ఉండేది. 1980లో ఏర్పడిన యుగాంతర్ ఆ దారిన నడిచింది. దీపా ధన్‌రాజ్, అభా భయ్యా, నవరోజ్ కాంట్రాక్టర్, మీరా రావు ఈ బృందంలోని వారు. పుణెలో ఇళ్లలో పనిచేసే స్త్రీల గురించి ‘మోల్‌కరీణ్’ (1981), నిపాణి పొగాకు కార్మికుల గురించి ‘తంబాకు చాకిలా ఊబ్ ఆలీ’ (1982), చిప్కో ఉద్యమ నేపథ్యంలో ‘సుదేశ’ (1983) తీశారు. ‘ఇది కథ మాత్రమేనా’ వీరి తెలుగు చిత్రం. తక్కినవి డాక్యుమెంటరీలు కాగా ఇది కల్పితకథ.

స్త్రీశక్తి సంఘటన 1978లో హైదరాబాదులో ఏర్పడింది. తెలంగాణ సాయుధపోరాటంలో పాల్గొన్న స్త్రీల మౌఖికచరిత్ర ‘మనకు తెలియని మన చరిత్ర’ (1986) ద్వారా తెలుగు పరిశోధకులకు ఈ సంస్థ సుపరిచితమే. అంతకు మూడేళ్ల ముందు ఇదే సంస్థ పాలుపంచుకున్న ఈ లఘుచిత్రానికి ఆ గుర్తింపు దక్కలేదు. గ్రంథాలయంలో ఉండే పుస్తకం పరిశోధకులకు అందుతుంది. రీలులో ఉన్న చిత్రం, ప్రొజెక్టరు మూలపడ్డాక అందదు. బెర్లిన్‌లోని ఆర్సెనాల్ సంస్థ ఈ చిత్రాలకు డిజిటల్ రూపం ఇవ్వడంతో ఇప్పుడు వాటిని మళ్లీ చదవడం సాధ్యమైంది.

2. కొలత – ఖర్చు – చర్చ:

కొడాక్ సంస్థ 1923లో 16 ఎం.ఎం. ఫిల్మ్‌ను ప్రధానంగా ఔత్సాహికుల కోసం విడుదల చేసింది. 35 ఎం.ఎం. ఫిల్మ్‌లో ఒక అడుగుకు 16 ఫ్రేములు ఉంటే, దీనిలో 40 ఉంటాయి. సెకనుకు 24 ఫ్రేముల వేగంతో నిమిషానికి అక్కడ 90 అడుగులు, ఇక్కడ 36 అడుగులు ఖర్చవుతాయి. సుమారు 25 నిమిషాల చిత్రానికి తుదిప్రతిలో 16 ఎం.ఎం.లో 900 అడుగులు సరిపోతాయి, 35 ఎం.ఎం.లో 2,250 అడుగులు కావాలి. నలుపు తెలుపు ఫిల్మ్ వాడితే ఖర్చు ఇంకా తగ్గుతుంది. కెమెరా తేలిక కాబట్టి ఇరుకు గదిలోనూ, కొద్దిమందితోనూ పని జరుగుతుంది.

చవక అన్నంత మాత్రాన విచ్చలవిడిగా వాడుకోవచ్చునని కాదు. 400 అడుగుల రీలు 11 నిమిషాల్లో అయిపోతుంది. ప్రతి దృశ్యాన్నీ సగటున నాలుగేసిసార్లు తీస్తే, 25 నిమిషాల చిత్రానికి 3,600 అడుగులు, అంటే అటువంటి తొమ్మిది రీళ్లు కావాలి. ఆపై నెగటివ్‌ను ల్యాబులో కడిగించాలి, ప్రింటు వేయించాలి, ధ్వనిని జతచేయాలి. సంఘాల చందాలతో, మిత్రుల సాయంతో నడిచే బృందానికి ప్రతి అడుగూ లెక్కే. కనుక ఏది చెప్పాలి, ఎలా చెప్పాలి అన్న అన్వేషణ కెమెరా తిరగకముందే ముగియాలి.

ఈ ఆర్థిక నియమం చిత్రరూపాన్నే నిర్ణయించింది. ముందే సిద్ధంచేసిన సంభాషణల ప్రతిని నటులచేత అప్పజెప్పించే పద్ధతిని ఈ బృందం పాటించలేదు. సంఘటన సభ్యుల మధ్య గృహహింసపై సాగిన చర్చల నుంచి కథను అల్లుకున్నారు. నటనలో ఆశువుగా పలికే సంభాషణలకు చోటిచ్చారు. సంఘటన సభ్యులే తెరమీదికి వచ్చారు. ఒక వివాహిత గృహజీవితం, ఆమెపై హింస, ఒంటరితనం, కుంగుబాటు, మరొక స్త్రీతో స్నేహంలో దొరికిన ఊపిరి – ఇవి ఒక రచయిత ఊహ నుంచి కాక, పలువురు పంచుకున్న అనుభవాల నుంచి వచ్చాయి. ఆశువు అంటే సన్నాహం లేకపోవడం కాదు. అవధాని ఆశువు వెనుక ఏళ్ల అభ్యాసం ఉన్నట్లే, ఇక్కడి ఆశువు వెనుక సుదీర్ఘ సంభాషణ ఉంది. ఫిల్మ్ ఖరీదైనది, మాట ఖరీదులేనిది. కాబట్టి ఎక్కువ పని మాట వద్దనే జరిగింది. సామూహిక కర్తృత్వం ఇక్కడ సిద్ధాంతంగానే కాక పని జరిగే తీరుగా కూడా కనిపిస్తుంది.

3. శీర్షికలోని ప్రశ్న:

‘కథ’ అనే మాటకు తెలుగు వాడుకలో మరొక అర్థచ్ఛాయ ఉంది. నమ్మదగని మాట చెప్పేవారిని ‘కథలు చెప్పొద్దు’ అంటారు. ఇంట్లో దెబ్బలు తిన్న స్త్రీ నోరు విప్పితే తరచుగా ఎదురయ్యే మాట ఇదే. శీర్షిక ఆ మాటను తిరగేస్తుంది. ‘కథ’కు చేరిన ‘మాత్రమే’ ఆమె అనుభవాన్ని కుదించే లోకధోరణి. చివర చేరిన ప్రశ్నార్థక ప్రత్యయం ఆ కుదింపును నిలదీస్తుంది. ప్రశ్న పాత్ర నోటి నుంచి పాత్రకు కాక, తెర నుంచి ప్రేక్షకులకు వెళుతుంది.

డాక్యుమెంటరీలు తీస్తున్న బృందం ఇక్కడ కల్పనను ఎంచుకోవడానికి కారణాన్ని ఈ వస్తువులోనే వెతకాలి. కార్మికుల సమ్మె బహిరంగం. కెమెరా దాని ఎదుట నిలబడగలదు. భర్త చేతి దెబ్బ తలుపు వెనుక పడుతుంది. బాధితురాలిని కెమెరా ముందు కూర్చోబెట్టి చెప్పించడమంటే ఆమెను మళ్లీ అదే ఇంటికి మరింత ప్రమాదంలోకి పంపడం కావచ్చు. కల్పన ఆమెకు రక్షణకవచం. భారతీయ శిక్షాస్మృతిలో 498ఎ సెక్షన్ చేరింది కూడా 1983లోనే. గృహహింస నిరోధక చట్టం 2005 వరకు రాలేదు. చట్టం ఇంటిగడప వద్ద తడబడుతున్న కాలంలో ఈ చిత్రం గడప దాటిందన్నది గమనించవలసిన విషయం.

4. రచ్చగా మారిన ప్రదర్శన:

‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అన్న సామెత గుట్టు బయటపెట్టినవారినే దోషులను చేస్తుంది. ‘రచ్చకెక్కడం’ అన్న పలుకుబడిలోనూ నిందే ధ్వనిస్తుంది. అయితే రచ్చ అసలు అర్థం ఊరివారు కూడి మాట్లాడుకునే చోటు. 16 ఎం.ఎం. ప్రొజెక్టరును ఒకరిద్దరు మోసుకుపోవచ్చు. బడిగదిలోనో, సంఘ కార్యాలయంలోనో తెల్లటి గోడపై చిత్రం వేయవచ్చు. టికెట్టు, విడుదలతేదీ, వందరోజుల లెక్క అక్కర్లేదు. పాతికమంది చూసి, దీపాలు వెలిగాక అక్కడే మాట్లాడుకుంటారు. థియేటరులో ‘శుభం’ తరువాత ప్రేక్షకులు లేచిపోతారు. ఇటువంటి ప్రదర్శనలో అసలు పని చిత్రం ముగిశాక మొదలవుతుంది. నిడివి తక్కువ కావడం వల్లనే చర్చకు సమయం మిగులుతుంది.

1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా వాచకంలోని ఒక పాఠం స్త్రీల చర్చకు దారితీసి, సారా వ్యతిరేకోద్యమానికి ప్రేరణ అయింది. అక్కడ పాఠం, ఇక్కడ చిత్రం: రెండింటిలోనూ కథ కంటే కథ చుట్టూ కూడిన గుంపు ముఖ్యం. కాబట్టి ‘ఇది కథ మాత్రమేనా’ వంటి చిత్రాన్ని ఛాయాగ్రహణ నాణ్యతతోనో, నటుల నైపుణ్యంతోనో మాత్రమే తూచడం కొలబద్ద లోపం. పెద్ద సినిమాకు మెట్టుగా చిన్న సినిమాను చూసే దృష్టి కూడా దీనికి సరిపోదు. ఇది మరో గమ్యానికి మెట్టు కాదు.

5. పద్ధతి – పరిమితి – ఆదోని:

చిత్రం పరిమితి కూడా దాని బలం ఉన్నచోటనే ఉంది. పాల్గొన్నవారి అనుభవమే వస్తువు కావడంతో, కథ నగరగృహంలో రూపుదిద్దుకుంది. యుగాంతర్ చిత్రాలన్నిటినీ కలిపి చూస్తే, శ్రమ, సంఘటితపోరాటం మరాఠీ చిత్రాల్లోనూ, నాలుగుగోడల హింస తెలుగు చిత్రంలోనూ ప్రధానమయ్యాయి. ఈ విభజన పశ్చిమ కర్నూలు స్త్రీల జీవితానికి అమరదు. ఎమ్మిగనూరు చేనేతగృహంలో మగ్గమున్న గదే పడకగది. కండెలు చుట్టే చేతులే వంటచేసే చేతులు. 1938లో మాచాని సోమప్ప నెలకొల్పిన సహకారసంఘం ఆ నేతను సంఘటితం చేసింది. కండెలు చుట్టిన శ్రమ మాత్రం ఇంటిపనిలో కలిసిపోయింది. ఆదోని పత్తియార్డు, జిన్నింగు మిల్లుల్లో పనిచేసే స్త్రీకి మిల్లుగేటు వద్ద ఇల్లు ఆగిపోదు. సుగ్గికి పోయే కుటుంబాలకు అసలు నాలుగుగోడలే ఉండవు. మిరపకోతకు గుంటూరు వైపు వెళ్లి చేనుగట్టున గుడారం వేసుకున్నచోట, తలుపు వెనుక హింస అన్న భావనే నిలవదు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఎవరి చేతికి పోయిందన్నది అక్కడ కూలిప్రశ్నా, కాపురప్రశ్నా కూడా.

అందువల్ల ఈ ప్రాంతానికి పనికివచ్చేది ఆ చిత్రకథ కంటే దాని పద్ధతి. నేడు ఫోనులో ఎంతసేపైనా తీయవచ్చు. అడుగుల లెక్క లేదు. ఆ లెక్క బలవంతంగానైనా కల్పించిన ముందస్తుచర్చ దానంతటది రాదు. సుగ్గి స్త్రీల గురించి ఒకరు వెళ్లి చిత్రం తీసుకురావడం వేరు. డ్వాక్రా సంఘంలో కూర్చున్నవారే ఏది చెప్పాలో, ఏది దాచాలో తేల్చుకున్నాక కెమెరా తెరవడం వేరు. తెలుగు, కన్నడ, దక్కనీ కలగలిసే ఆదోనిలో ఆ సంభాషణ భాష కూడా హైదరాబాదు చిత్రభాషకు భిన్నంగానే ఉంటుంది.

6. ముగింపు:

1. ‘ఇది కథ మాత్రమేనా’లో 16 ఎం.ఎం. ఎంపిక ఖర్చు తగ్గించే ఉపాయం మాత్రమే కాదు. రచన, నటన, ప్రదర్శనల స్వరూపాన్ని నిర్ణయించిన అంశం.

2. పరిమితమైన ఫిల్మ్ శ్రమను చిత్రీకరణకు ముందున్న చర్చవైపు మళ్లించింది. సామూహిక కర్తృత్వానికి భౌతికమైన ఆధారం ఇదే.

3. కల్పన ఇక్కడ వాస్తవం నుంచి తప్పించుకునే మార్గం కాదు. చెప్పేవారిని కాపాడుతూ ఇంటిగుట్టును రచ్చకు తెచ్చిన మార్గం.

4. ఇల్లు, పని వేరుకాని ఆదోని, ఎమ్మిగనూరు స్త్రీల జీవితానికి ఈ చిత్రవస్తువు చాలదు. ఆ లోటును పూరించే దారి చిత్రపద్ధతిలోనే ఉంది.

తెలుగు సినిమా చరిత్రను విశ్వవిద్యాలయాల్లో బోధించేటప్పుడు విడుదలైన చిత్రాల పట్టికకే పరిమితమైతే, స్త్రీలు తమకు తామే చెప్పుకుని, తమవారికి చూపించుకున్న ఈ పాతిక నిమిషాలు మళ్లీ రీలులోనే ఉండిపోతాయి.